మీకు తెలుసా? గ్రీకులోనూ తన్నులు తింటారు

అంతుపట్టని విషయం ఎదురైతే "గ్రీకూ లాటినూలా ఉంది" అనేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. మరి గ్రీకువాళ్లకే అంతుపట్టనిది ఎదురైతే ఏమంటారు? "నాకిది చైనా భాష" అంటారు. గ్రీకు నేర్చుకుందామని కూర్చున్న తెలుగువారికి నేను చెప్పేది ఒకటే. చేతిలో ఉండేది ఎలాగూ ఇంగ్లీషు గైడే, అది తప్పదు. కానీ అందులోని ప్రతి పాఠాన్నీ ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. ఇంగ్లీషువాళ్లు పేజీలకు పేజీలు వివరించుకునే చోట మనకు చాలాసార్లు వివరణే అక్కర్లేదు. మనకూ చుక్కలు కనిపించే చోట్లు లేకపోలేదు, అవీ చెబుతాను. కింద రాసిన గ్రీకు మాటల్లో ఎక్కడ ఒత్తి పలకాలో అక్కడే దీర్ఘం పెట్టాను.

● గ్రీకులో "నే" అంటే అవును. "ఓహి" అంటే కాదు. "న"తో మొదలయ్యే మాట ఒప్పుకోలు కావడం ఉత్తరాదివాళ్లనూ యూరపువాళ్లనూ సమానంగా తికమక పెడుతుంది. దానికి తోడు, కాదు అనడానికి గ్రీకువాడు తల అడ్డంగా ఊపకపోవచ్చు. కనుబొమలు ఎత్తి, తల కాస్త వెనక్కి వంచి, నాలుకతో "త్చ" అంటాడు. మన ఊళ్లలో "అన్నం తిన్నావా?" అంటే పిల్లలు నోరు తెరవకుండా చేసే చప్పుడే అది.

ఆ "ఓహి"కి అక్కడ జాతీయ సెలవు కూడా ఉంది. 1940 అక్టోబరు 28 తెల్లవారుజామున ఇటలీ రాయబారి గ్రాజి, ప్రధాని మెటక్సాస్ ఇంటికొచ్చి, మా సైన్యాన్ని రానిస్తారా లేదా అని హెచ్చరిక పత్రం చేతిలో పెట్టాడు. మెటక్సాస్ కాదన్నాడు. ఏటా ఆ రోజును "ఓహి దినం"గా జరుపుకుంటారు. నిజానికి ఆయన నోట వచ్చింది గ్రీకు మాటే కాదు. దౌత్యవేత్తల భాష అప్పట్లో ఫ్రెంచి కాబట్టి, "అయితే యుద్ధమేనన్నమాట" అని ఫ్రెంచిలో అన్నాడు.

● గ్రీకు ప్రశ్నార్థకం ఇలా ఉంటుంది ;

మనం సెమికోలన్ అనేది అక్కడ ప్రశ్న గుర్తు. అసలు సెమికోలన్ అవసరమైతే అక్షరాల నెత్తిన ఒక చుక్క పెడతారు.

● వాళ్ల నమస్కారం "యా సు". "యా" అంటే ఆరోగ్యం. ఇంగ్లీషులో శుభ్రతకు వాడే హైజీన్ అన్న మాటకూ దీనికీ మూలం ఒకటే. కలిసినప్పుడూ ఇదే, వెళ్లేటప్పుడూ ఇదే, గ్లాసులు తాకించి "యా మస్" అంటే మన ఆరోగ్యానికి అని. ఇక్కడ మనకు కలిసొచ్చేది "సు", "సస్" తేడా. "యా సు" నీకు, "యా సస్" మీకు. క్రియ కూడా దాన్నిబట్టే మారుతుంది. స్నేహితుణ్ని "తి కానిస్?" అని, పెద్దవాళ్లను "తి కానెతె?" అని అడుగుతారు. మాటకు మాట చూస్తే "ఏం చేస్తున్నావు?", "ఏం చేస్తున్నారు?" అని, భావం మాత్రం "ఎలా ఉన్నారు?" చేస్తున్న పని వివరించబోకండి, "కలా" (బాగున్నాను) అంటే చాలు. నువ్వు, మీరు ఎవరికి ఏది వాడాలో ఇంగ్లీషు విద్యార్థికి ఒక అధ్యాయం చెప్పాలి. మనకు ఆ అధ్యాయం అక్కర్లేదు.

● శుభాకాంక్షల విషయంలో గ్రీకుల ఓపిక అపారం. నెల మొదటి తేదీన ఎవరు ఎదురైనా "కలో మీన" అంటారు, మంచి నెల అని. సోమవారం "కలీ ఎవ్‌దొమాద", మంచి వారం. అన్నిటికన్నా విడ్డూరం ఆగస్టు ఆఖర్లో చూడాలి. ఎండ ఇంకా పేలిపోతూనే ఉంటుంది, సముద్రంలో ఈతలు ఆగవు, అయినా ఒకరికొకరు "కలో హిమోన" అని చెప్పుకుంటారు. మంచి చలికాలం అని! సెలవులు అయిపోయాయి, ఇక పనిలో పడాలి అన్న నిట్టూర్పు అందులో ఉంది. ఆ హిమోన, మన హిమం, హేమంతం ఒకే మూలం నుంచి పుట్టినవి.

జుట్టు కత్తిరించుకున్నా, కొత్త చొక్కా తొడుక్కున్నా "మె యా" అంటారు, ఆరోగ్యంగా ఉండి అనుభవించు అన్నట్టు. జబ్బుపడ్డవాళ్లకు "పెరస్తికా", అంటే గడిచిపోయేవే. చావు జరిగిన ఇంట్లో మిగిలినవాళ్లతో "జొయీ సె సస్" అంటారు, మీకు ఆయుష్షు అని. పుట్టినరోజుకూ, క్రిస్మస్‌కూ, ఈస్టర్‌కూ కలిపి ఒకే మాట: "హ్రోన్య పొలా", చాలా ఏళ్లు. మన పెద్దవాళ్లు నిండు నూరేళ్లు అని లెక్క చెబుతారు, వాళ్లు లెక్క చెప్పరు, అంతే తేడా. ఈ మాట పుట్టినరోజు కన్నా "పేరు రోజు"న ఎక్కువ వినపడేది ఒకప్పుడు. నీకొస్ అనే పేరున్న ప్రతివాడికీ డిసెంబరు 6న పండగే, ఎందుకంటే అది సెయింట్ నికోలస్ రోజు. దిమీత్రిలకు అక్టోబరు 26. కోస్తస్‌లకూ ఎలేనిలకూ కలిపి మే 21. ఫోనులో ఎవరి పుట్టినరోజులూ రాసి పెట్టుకోనక్కర్లేదు, క్యాలెండరు చూస్తే సరి.

● "ఏల" అన్న మాట మన పాత పద్యాల్లో ఎందుకు అనే అర్థంలో వస్తుంది. గ్రీకులో "ఏల" అంటే "రా". కానీ ఆ మాటకు కాళ్లు చాలా ఉన్నాయి. తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే హలోకు బదులు "ఏల". నమ్మలేని కబురు వింటే "ఏల!" (ఊరుకో!). ఎవరైనా అలిగితే బతిమాలుతూ "ఏల, ఏల". దీనికి "రే" తగిలిస్తే, "ఏల రే!" అవుతుంది. ఆ "రే" స్నేహితుల మధ్య చనువుగా, కోపంలో ఘాటుగా, అచ్చం మన "ఒరే"లాగే పనిచేస్తుంది. పెద్దల దగ్గర వాడితే చెంప పగలకపోయినా మర్యాద పోతుంది. రెండింటికీ చుట్టరికం మాత్రం లేదు. గ్రీకు "రే" అనేది "మొరే" నుంచి అరిగి మిగిలిన ముక్క, దాని అసలు అర్థం ఓరి మూర్ఖుడా అని.

● ఇక తిండి దగ్గరికొద్దాం. మనం తన్నులు తింటాం, చీవాట్లు తింటాం, లంచాలు తింటాం. ఇంగ్లీషులో ఇవేవీ తినలేం. గ్రీకులో తినొచ్చు! "ఏఫయె క్సీలొ" అంటే మాటకు మాట "కర్ర తిన్నాడు", అంటే తన్నులు తిన్నాడని. ట్రాఫిక్ పోలీసు జరిమానా వేస్తే ఆ జరిమానానూ తింటారు. పబ్బు గుమ్మం దగ్గర లోపలికి రానివ్వకపోయినా, అమ్మాయి కాదు పొమ్మన్నా "తలుపు తిన్నాడు" అంటారు. అదేపనిగా గోల పెట్టేవాడు మన బుర్ర తింటే, గ్రీసులో చెవులు తింటాడు: "ము ఏఫయెస్ త అఫ్త్యా", నా చెవులు తినేశావురా బాబూ అని. వీపు దురద పెడితే "నా వీపు నన్ను తింటోంది" అనాలి.

తిండి వదిలితే, పని చెడగొట్టడాన్ని "వాటిని సముద్రం చేశాను" అంటారు. చుట్టూ సముద్రమున్న దేశంలో ఆ మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు. తెలిసీ తెలియనట్టు నటిస్తే "బాతును చేస్తున్నాడు". గొప్పలు పోయేవాణ్ని చప్పబరచాలంటే "సిగా త అవ్గా", మాటకు మాట "మెల్లగా, గుడ్లు", అంటే "ఆఁ, పెద్ద ఘనకార్యం!" గుడ్లెందుకు వచ్చాయో అడిగితే పది కథలు చెబుతారు, నేనైతే ఏదీ నమ్మను. చేతుల్లో ఏమీ లేనప్పుడు భుజాలెగరేసి అనే మాట మాత్రం వివరణ లేకుండానే మనది: "తి న కానుమె". ఏం చేస్తాం!

● "నాకు పాట నచ్చింది" అనే వాక్యంలో కర్త ఎవరు? నేను కాదు, పాట. పాటలు ఎక్కువైతే క్రియ కూడా "నచ్చాయి" అవుతుంది. గ్రీకులో సరిగ్గా ఇదే అమరిక. "ము అరేసి" అంటే నాకు అది నచ్చుతుంది, "ము అరేసున్" అంటే నాకు అవి నచ్చుతాయి. ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ తలకిందులుగా ఆలోచించడం నేర్చుకోవాలి. "నిద్ర పట్టడం లేదు" కూడా అంతే, అక్కడా నిద్రే పట్టాలి: "దెన్ మె ప్యాని ఈప్నొస్", నన్ను నిద్ర పట్టుకోవడం లేదు. ఆ "ఈప్నొస్"ను కాస్త పరీక్షగా చూడండి. మన స్వప్నం, అది తోబుట్టువులు. ఒకరింట్లో కల అయింది, ఒకరింట్లో నిద్ర అయింది. "నువ్వు లేక బెంగగా ఉంది" అనడానికి "ము లీపిస్" అంటారు, నువ్వు నాకు కొరవడ్డావు అని.

ఈ "నాకు, నీకు" విషయంలో గ్రీకులకు తమలో తమకే ఒక పేచీ ఉంది. ప్రాచీన భాషలోని చతుర్థీ విభక్తి ఏనాడో పోయింది. ఆ ఖాళీలోకి ఏథెన్స్‌వాళ్లు షష్ఠిని, ఉత్తరాన థెస్సలొనీకివాళ్లు ద్వితీయను తెచ్చుకున్నారు. అంచేత ఏథెన్స్‌లో "సు లేయొ" (నీకు చెప్తున్నా), థెస్సలొనీకిలో "సె లేయొ" (నిన్ను చెప్తున్నా). ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడానికి వాళ్లకు ఈ ఒక్క అక్షరం చాలు.

● తెలుగులో దీర్ఘం మారితే అర్థం మారుతుంది. గ్రీకులో ఒత్తి పలికే చోటు మారితే మారుతుంది. "పోతె" అంటే ఎప్పుడు, "పొతే" అంటే ఎన్నడూ కాదు. "యేరొస్" ముసలివాడు, "యెరోస్" బలంగా ఉన్నవాడు. "హోరొస్" అంటే స్థలం, "హొరోస్" అంటే నాట్యం. "ఆల" వేరేవి, "అలా" కానీ. కిటికీ అద్దాన్ని "జామి" అంటారు, దాన్నే "జమీ" అన్నారో మసీదు అయిపోతుంది. అద్దాలవాడితో ఫోనులో మాట్లాడేటప్పుడు జాగ్రత్త.

ఒక మేలు ఏమిటంటే ఒకటికి మించి అక్షరాలున్న ప్రతి మాట మీదా ఆ చోటు చూపే గీత రాసి ఉంటుంది. 1982కి ముందు మూడు రకాల గీతలు, రెండు రకాల ఊపిరి గుర్తులు ఉండేవి. పలకడంలో వాటి తేడాలు ఎన్నో శతాబ్దాల కిందటే పోయినా బడిపిల్లలు బట్టీ పడుతూనే ఉండేవాళ్లు. ఆ ఏడు ప్రభుత్వం అన్నిటినీ తీసేసి ఒక్క గీత ఉంచింది. కొందరు రచయితలు, ప్రచురణకర్తలు మాత్రం ఇప్పటికీ పాత గుర్తులతోనే అచ్చు వేస్తారు.

● "ఇ" అన్న ఒకే ధ్వనిని గ్రీకులో ఆరు రకాలుగా రాయొచ్చు. మూడు ఒంటి అక్షరాలు, మూడు జంటలు. ప్రాచీన ఏథెన్స్‌లో ఇవన్నీ వేర్వేరుగా పలికేవి, కాలక్రమంలో అన్నీ "ఇ"లో కలిసిపోయాయి, రాత మాత్రం అక్కడే ఆగిపోయింది. దీనికి ఓ గొర్రె సాక్ష్యం చెబుతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు హాస్యనాటక కర్త క్రాతినోస్ గొర్రె అరుపును బీటా, ఈటా అక్షరాలతో రాశాడు. అప్పటి లెక్కన అది "బే". ఇవాళ్టి గ్రీకు ఉచ్చారణలో చదివితే "వీ" అవుతుంది. "వీ" అని అరిచే గొర్రె ఎక్కడా ఉండదు కాబట్టి అప్పటి ఉచ్చారణ వేరు అని పండితులు తేల్చారు. గ్రీకులు మాత్రం హోమర్‌నైనా ప్లేటోనైనా తమ నేటి ఉచ్చారణలోనే చదువుతారు, విదేశీ విశ్వవిద్యాలయాల "పాత" ఉచ్చారణ వింటే నవ్వుతారు.

● ఉచ్చారణలో మనకు పుట్టుకతో వచ్చిన ఆస్తులు కొన్ని ఉన్నాయి. చలి, చుక్క, చాప అనేటప్పుడు నాలుక పళ్ల వెనక తగిలే ఆ దంత్య "చ" ఉంది చూశారూ, గ్రీకులో టీకి వాడే "త్సాయి" మొదటి ధ్వని అదే. జడ, జత అన్నప్పటి దంత్య "జ"తోనే పెరుగుపచ్చడి "జజీకి"ని పలకాలి. ఒకప్పుడు మన పుస్తకాల్లో వీటి నెత్తిన చిన్న గుర్తు కూడా పెట్టేవాళ్లు. "క్ష"కు గ్రీకు వర్ణమాలలో సుమారుగా జోడీ ఉంది, "ప్స"కు కూడా ఒక అక్షరం ఉంది. మనం చేసే తప్పు ఇంగ్లీషు వల్ల వస్తుంది: ఇంగ్లీషు "టి"ని చూసి గ్రీకులోనూ "ట" అనేస్తాం. అక్కడ ఉన్నది మెత్తని "త". "ఎఫ్‌హరిస్తో" (ధన్యవాదాలు) అనాలి, "ఎఫ్‌హరిస్టో" కాదు. గొంతులో ఒరుసుకుంటూ వచ్చే "గ", నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే "ద" మాత్రం మన దగ్గర లేవు, అవి కసరత్తు చేసి తెచ్చుకోవాల్సిందే.

● వేడివేడి కాఫీని గ్రీకులో ఏమంటారు? "జెస్తో జెస్తో". అంటే వేడి వేడి! పొద్దుపొద్దున్నే అంటే "ప్రొయీ ప్రొయీ". మెల్లమెల్లగా అంటే "సిగా సిగా". కొంచెం కొంచెంగా, "లీగొ లీగొ". ఒడ్డు వెంబడే నడిచిపోతుంటే "ఒడ్డు ఒడ్డు" అంటారు. ఎప్పుడైనా ఓసారి అనడానికి "పూ కె పూ", ఎక్కడా ఎక్కడా అని. మాటను రెట్టించడం మనకు ఎంత సహజమో వాళ్లకూ అంతే. గైడుల్లో దీనికి ఎందుకో చోటు దొరకదు.

● గ్రీకు క్రియకు "వెళ్లడం, తినడం" లాంటి రూపం లేదు. ఒకప్పుడు ఉండేది, పోయింది. "నాకు వెళ్లాలని ఉంది" అనాలంటే "థేలొ న పాఒ" అంటారు. దాన్ని విడదీస్తే "కోరుతున్నాను, నేను వెళ్లేలా" అని. "నీకు వెళ్లాలని ఉంది" అనాలంటే రెండు క్రియలూ నువ్వుకు మారాలి. పొరుగున ఉన్న బల్గేరియన్, అల్బేనియన్, రొమేనియన్ భాషల్లోనూ ఈ రూపం చాలా మటుకు కరిగిపోయింది. వందల ఏళ్లు పక్కపక్కనే బతికిన భాషలు ఒకదాని పోకడ ఒకటి అందిపుచ్చుకున్నాయి. ఆ రూపమే లేదు కాబట్టి గ్రీకు నిఘంటువులో క్రియ వెతికితే "రాయు" దొరకదు, "రాస్తున్నాను" దొరుకుతుంది.

అసలు పరీక్ష దీని తరవాత ఉంది. దాదాపు ప్రతి క్రియకూ రెండు ధాతురూపాలు: ఒకసారి జరిగి పూర్తయ్యే పనికి ఒకటి, సాగుతూ ఉండే పనికి మరొకటి. "గ్రాప్సె" అంటే రాయి, "గ్రాఫె" అంటే రాస్తూ ఉండు. హోటల్లో "థేలొ న ప్లిరోసొ" అంటే బిల్లు కడతాను అని. పొరపాటున "ప్లిరోనొ" అన్నారనుకోండి, నేను కడుతూ ఉండాలని కోరుకుంటున్నాను అని అర్థం వస్తుంది. ఏ హోటలువాడు వద్దంటాడు?

● గ్రీకులో అమ్మాయి నపుంసకలింగం. "తొ కొరీత్సి". అబ్బాయీ అంతే, "తొ అగోరి". బిడ్డ "తొ పెదీ". చిన్నతనాన్ని సూచించే ప్రత్యయం చేరిన మాటలు చాలావరకు నపుంసకంలోకి పోతాయి కాబట్టి ఇలా అయింది. ఇంగ్లీషు విద్యార్థులు దీన్ని చూసి విస్తుపోతారు. "అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది" అని ఒకే క్రియతో సరిపెట్టే మనం విస్తుపోవడానికేముంది? మన కష్టం వేరే చోట ఉంది. కుర్చీ స్త్రీలింగం, దారి పుంలింగం, పుస్తకం నపుంసకం. తర్కం లేదు, బట్టీ పట్టాలి. మగవాణ్ని "ఆంద్రస్" అంటారు. ఆంధ్రులు దీనిమీద సిద్ధాంతాలు కట్టవద్దని మనవి.

ఆ చిన్నతనపు ప్రత్యయం "ఆకి" గురించి ఒక హెచ్చరిక. కాఫీని ముద్దుగా "కఫెదాకి" అంటారు, నీళ్లను "నెరాకి" అంటారు, నిమిషాన్ని "లెప్తాకి" అంటారు. ఏ ఆఫీసులోనైనా మిమ్మల్ని ఒక్క "లెప్తాకి" ఆగమంటే, కుర్చీ చూసుకుని కూర్చోండి.

● నీకొస్ అనే మనిషిని వీధిలో "నీకొస్!" అని పిలిస్తే తప్పు. పిలుపులో చివరి "స్" రాలిపోయి "నీకొ!" అవుతుంది. యోర్గొస్ "యోర్గొ!" అవుతాడు. రాముణ్ని పిలిచేటప్పుడు "రాముడు!" అనం, రామా అంటాం. సంబోధన ప్రథమా విభక్తి బడిలో చదివిన రోజులు ఇక్కడ పనికొస్తాయి. ఇంటిపేర్లలోనూ ఓ మెలిక ఉంది: అన్న పపదోపులొస్ అయితే చెల్లెలు పపదొపూలు. ఆమె ఇంటిపేరు షష్ఠిలో ఉంటుంది, పపదోపులొస్ గారి అని. 1983లో కుటుంబ చట్టం మారాక, పెళ్లయినా చట్టరీత్యా స్త్రీకి పుట్టింటి ఇంటిపేరే కొనసాగుతుంది.

● ఇంటిపేర్లు చదివి, వీధిలోకొచ్చి బోర్డులు చదివితే నేర్చుకున్న గ్రీకు ఏమైపోయిందా అనిపిస్తుంది. రొట్టెను "ప్సొమీ" అని నేర్చుకుంటాం, రొట్టెల దుకాణం మీద "ఆర్తొస్" అన్న మాటతో కట్టిన పేరు ఉంటుంది. చేప "ప్సారి", చేపల కొట్టు బోర్డు మీద "ఇహ్‌థీస్" తాలూకు మాట. తాగేటప్పుడు "క్రసీ", సీసా మీద "ఈనొస్". తెల్లని చొక్కా "ఆస్ప్రొ", అమెరికా అధ్యక్షుడి వైట్ హౌస్ మాత్రం "లెఫ్కోస్". మనం నీళ్లు తాగుతూ బిల్లు జలమండలికి కట్టడం లాంటిదే ఇదీ.

దీని వెనక వందేళ్లకు పైగా సాగిన తగాదా ఉంది. 19వ శతాబ్దంలో గ్రీసు స్వతంత్ర రాజ్యమైనప్పుడు జనం మాట్లాడే భాషను రాజ్యభాష చేయడానికి పండితులకు మనసొప్పలేదు. టర్కీ, ఇటలీ మాటలు ఏరేసి, ప్రాచీన వ్యాకరణం అతికించి "కథరేవుస", అంటే శుద్ధి చేసిన భాష, తయారుచేశారు. ఇళ్లలో, బజారులో, పాటల్లో ఉన్నది "దిమొతికీ", జనభాష. 1888లో ప్సిహారిస్ అనే భాషావేత్త పూర్తిగా జనభాషలో ఒక పుస్తకం రాసి ఈ తగాదాకు నిప్పు రాజేశాడు. 1901లో అది రక్తం చూసింది. లివర్‌పూల్‌లో స్థిరపడ్డ అలెగ్జాండ్రోస్ పాలిస్ బైబిల్లోని మత్తయి సువార్తను జనభాషలోకి తెస్తే, ఏథెన్స్ పత్రిక అక్రోపొలిస్ దాన్ని వరసగా అచ్చువేసింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధికెక్కారు. నవంబరులో జరిగిన గొడవల్లో ఎనిమిది మంది చనిపోయారు. ఆర్చిబిషప్ తప్పుకున్నాడు, ప్రధాని థెఒతోకిస్ రాజీనామా చేశాడు. ఒక అనువాదం ప్రభుత్వాన్ని కూల్చింది! బైబిలు మూలాన్ని చర్చి అనుమతి లేకుండా అధికారికంగా అనువదించరాదన్న నిబంధన నేటి గ్రీసు రాజ్యాంగంలోనూ ఉంది.

ఇంచుమించు అదే కాలంలో మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠ్యపుస్తకాల భాష కోసం పండితులతో తలపడ్డారు. మనవాళ్లు సిరా మాత్రమే ఒలికించారు, అది మన అదృష్టం. గ్రీసులో 1967 నుంచి 1974 దాకా ఏలిన సైనిక నియంతలు కథరేవుసను నెత్తిన పెట్టుకున్నారు. దాంతో జనానికి ఆ భాషంటేనే రోత పుట్టింది. నియంతలు పోయాక, 1976లో చదువుల భాష దిమొతికీ అని చట్టం చేశారు. ఓడిపోయిన భాష దుకాణాల బోర్డుల మీద, సీసాల మీద, దస్త్రాల్లో మిగిలింది. అందుకే గ్రీకు నేర్చుకునేవాడు ఒక మాటకు రెండు మాటలు నేర్చుకోక తప్పదు. గ్రాంథికం చదివి వ్యావహారికం మాట్లాడే జాతివాళ్లం, మనం ఆపాటి బరువు మోయగలం.

● గ్రీకుల జాతీయ గీతం రాసిన దియొనీసియొస్ సొలొమోస్ చదువంతా ఇటలీలో, తొలి కవితలు ఇటాలియన్‌లో. కవిగా గ్రీకును పెద్దయ్యాక సాధన చేసి వశం చేసుకున్నాడు. 1823లో ఆయన రాసిన ఆ గేయానికి 158 చరణాలు. పాడేది మాత్రం మొదటి రెండే.

● ఏథెన్స్‌లో "కేంద్రొ" అన్న బోర్డు కనిపిస్తే అది ఊరి నడిబొడ్డుకు దారి. మన కేంద్ర ప్రభుత్వంలోని కేంద్రం అక్కడి నుంచి వచ్చిందే. ప్రాచీన గ్రీకులో ఆ మాటకు ముల్లుగర్ర మొన అని అర్థం. వృత్తం గీసేటప్పుడు మొన గుచ్చే చోటు కనుక మధ్యబిందువుకు ఆ పేరు వచ్చింది, ఖగోళ గణితంతోపాటు సంస్కృతంలోకి చేరింది. టైమెంత అని అడగాలంటే "తి ఓర ఈనె?" ఆ "ఓర"కు పాత రోజుల్లో ముందు "హ" ఉండేది. పంచాంగంలో మనం చూసే హోర అదే. అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర అని వరాహమిహిరుడు చెప్పాడు కానీ, నేటి పండితులు గ్రీకు మూలాన్నే ఒప్పుకుంటారు. బాకీ మనం తీర్చకపోలేదు: అక్కడి పంచదార "జాహరి" మన శర్కర, మిరియం "పిపేరి" మన పిప్పలి. 1వ శతాబ్దపు ఒక గ్రీకు నావికుల గైడు మచిలీపట్నం తీరాన్ని మసలియ అని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా తయారవుతుందని చెబుతుంది.

అంకెలు కూడా చుట్టాలే. "త్రీయ, పేందె, ఎఫ్తా, ఒక్తో, దేక" అంటుంటే త్రి, పంచ, సప్త, అష్ట, దశ పక్క నుంచి వినపడతాయి. కానీ నీళ్లను "నెరో" అంటారని తెలిసి సంబరపడిపోకండి. నీరు ద్రావిడ మాట. నెరో అనేది తాజా నీళ్లు అనే గ్రీకు పదబంధంలో "నీళ్లు" జారిపోయి "తాజా" మిగిలిన మాట. కేవలం కాకతాళీయం.

● వాళ్ల సోమవారం పేరు "రెండోది". మంగళ, బుధ, గురువారాలు మూడోది, నాలుగోది, ఐదోది. లెక్క ఆదివారం నుంచి. శుభానికి శుక్రవారం 13 పనికిరాదని పడమటివాళ్లు భయపడితే, గ్రీకులు మంగళవారం 13కు భయపడతారు. 1453 మే 29న కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది మంగళవారమే.

● దిష్టి గ్రీసులోనూ తగులుతుంది. దాని పేరు "మాతి", కన్ను. పసిపిల్ల ముద్దుగా ఉందని పొగిడితే వెంటనే "ఫ్తు, ఫ్తు, ఫ్తు" అని ఉమ్మినట్టు అనాలి, లేకపోతే అమ్మమ్మ ఊరుకోదు. తగిలిందో లేదో తేల్చడానికి గిన్నెలో నీళ్లు పోసి నూనె చుక్కలు వేసి చూస్తారు, లోపల ఒక మంత్రం చదువుతారు. ఆ మంత్రం ఆడవాళ్లు మగవాళ్లకు, మగవాళ్లు ఆడవాళ్లకు నేర్పితేనే పనిచేస్తుందట.

● చివరిగా చేతుల సంగతి. అయిదు కాఫీలు చెప్పడానికి వేళ్లు చాచి అరచెయ్యి ఎదుటివాడి ముఖం వైపు పెట్టారంటే కాఫీలు రావు, తగువు వస్తుంది. దాన్ని "మూంజ" అంటారు, అక్కడ అంతకు మించిన చేతి తిట్టు తక్కువ. బైజాంటియం రోజుల్లో నేరస్థుల ముఖాన మసి పూసి ఊరేగించిన శిక్షతో దీనికి ముడిపెడతారు. రెండు చేతులూ చాపితే తిట్టు రెట్టింపు. అరచెయ్యి మీ వైపు తిప్పుకుని చూపించండి. లేదా నోటితోనే "పేందె" అనండి, మన పంచకు చుట్టమే కదా.